సావిత్రమ్మ వఠారంలో చివరి గది

చందాపురలో, ఆనేకల్ రోడ్డుకి కాస్త లోపలగా ఉండే సావిత్రమ్మ వఠారంలో ఆడవాళ్లు పొద్దున లేవగానే రెండు పనులు చేసేవాళ్లు. సంపు మూత ఎత్తి నీళ్లు ఏ మాత్రం ఉన్నాయో చూసుకునేవాళ్లు. తర్వాత జుట్టు ముడేసుకుంటూ గదుల వరస చివరిదాకా నడిచి, గోడ ఏమైనా పెరిగిందా అని చూసేవాళ్లు.

పెరిగిన రోజున వాసనే ముందు చెప్పేసేది. వాన పడకపోయినా తడిమట్టి వాసన. మోకాలెత్తున ఎర్రగా, వేళ్లతో మెదిపినట్టు గరుగ్గా గోడ లేచి ఉండేది. నాలుగు రోజులకి నడుం దాకా, వారానికి తల దాకా వచ్చేది. పైన రేకులు వేయించడం, పాత సామాన్లమ్మే గుజరీ అంగడి నుంచి ఒక తలుపు తెప్పించి బిగించడం వరకే సావిత్రమ్మ వంతు. తలుపుకి గడియ పడేసరికి ఆ గదిలో ఉండాల్సినవాళ్లు బకెట్టూ, చాపా, గ్యాసు స్టవ్వూ మోసుకుని అత్తిబెలె వైపు నుంచో హోసూరు వైపు నుంచో రానే వచ్చేవాళ్లు. వచ్చేది ఎందరో గది కొలత చూసి సావిత్రమ్మ ముందే చెప్పేసేది. "ఈ తూరి ముగ్గురు. ఒకడు పొడుగాటోడు," అనేది. వచ్చినవాళ్లలో ఒకడు గుమ్మానికి తల కొట్టుకునేవాడు.

సావిత్రమ్మ మొగుడు వెంకటరాయప్ప బతికున్నప్పుడు మూడు గదులు కట్టాడు. నాలుగో గదికి పుట్ట అడ్డం వచ్చింది. దాని మీద గునపం వేయడానికి ఏ కూలివాడూ ఒప్పుకోలేదు. ఆ గొడవ తేలకుండానే ఆయన కన్నుమూశాడు, మిగతా కట్టుబడి పుట్టే చూసుకుంది. కరెంటు మీటరు రాసుకునేవాడు వచ్చినప్పుడల్లా, "ఇంకోటి లేచిందా అమ్మా," అని అడిగి పుస్తకంలో గీత గీసుకుని పోయేవాడు.

ప్రేమకుమారి, ఇస్సాకు గిద్దలూరు నుంచి వచ్చినప్పుడు పదకొండో గది వాళ్ల కోసం లేచింది. ఇప్పటికి ఆరేళ్లు. వరస పదిహేడుకి వచ్చింది.

ప్రేమకుమారికి బొమ్మసంద్రలో ప్లాస్టిక్ డబ్బాల కంపెనీలో ప్యాకింగు పని. ఇస్సాకుది చెదల మందు కొట్టే పని. కట్టిన ఇళ్లలో గోడ అంచున అడుగుకొక కన్నం వేసి మందు పంపు చేసి, తెల్ల సిమెంటుతో మూయడం అందరూ చేసేదే. కానీ ఇస్సాకుని మేస్త్రీలు ప్రత్యేకంగా పిలిపించుకునే పని ఇంకొకటుంది. లేఔటు వేసేచోట పసుపు కుంకుమలు చల్లిన పుట్ట కనిపించిందంటే జేసీబీ డ్రైవరు ఇంజను ఆపేసి కిందికి దిగిపోతాడు. కూలీలు చెట్టు నీడ వెతుక్కుంటారు. అప్పుడెవరో ఒకరు అంటారు, "కిరస్తానం ఇస్సాకుకి ఫోన్ చెయ్యండప్పా."

ఇస్సాకు వెళ్లి, కళ్లు మూసుకుని నోట్లోనే ప్రార్థన చేసుకుని, మొదటి దెబ్బ వేసేవాడు. గునపంతో నెత్తిన రెండు, పక్కల నాలుగు కన్నాలు. ఒక్కో కన్నంలో డబ్బాడు మందు. నీళ్లలో పోయగానే పాలలాగా తెల్లబడే మందు అది. ఆ పూట అతనికి టీ కాగితం కప్పులో విడిగా ఇచ్చేవాళ్లు. ఇచ్చేటప్పుడు మాత్రం "తీసుకోండి సార్" అనేవాళ్లు. మిగతా రోజుల్లో ఒరే అని పిలిచేవాళ్లే. ఆ "సార్" అనే మాట ఇస్సాకు ఇంటిదాకా మోసుకొచ్చేవాడు. అన్నం తింటూ రెండుసార్లైనా చెప్పేవాడు.

కొత్త కాపురంలో, పుట్టల లోపల ఏముంటుందో ఆమెకి కథల్లాగా చెప్పేవాడు. "చెదలు కట్టిన దాంట్లో చెదలే ఉండాలనేం లేదు ప్రేమా. అవి వదిలిపోయినాక ఎవరెవరో వస్తారు. నల్లచీమలు గుడ్లు నోట కరుచుకుని వచ్చి ఒక మూల కాపురం పెడతాయి. ఈగంత తేనెటీగలు మైనపు గొట్టం పెట్టుకుని ఇంకో మూల. ఒకదాంట్లో కందిరీగలు కూడా చూసినా. ఎవడో కట్టినాడు, ఎవరో ఉంటారు. మన సావిత్రమ్మ వఠారమే." ఆ మాటకి ఇద్దరూ నవ్వుకునేవాళ్లు. మరి వాటన్నిటి మీదా మందు పోస్తావు కదా అని ఆమె ఎప్పుడూ అడగలేదు. ఆ రోజుల్లో అడగాలని తోచలేదు.

పెళ్లయిన రెండో ఏడు వాళ్ల గదిలో మంచం తలవైపు గోడలో అరచేయంత గూడు పడింది. సావిత్రమ్మ వచ్చి దాంట్లో వేలు పెట్టి చూసింది.

"నీళ్లు పోసుకుండావు పిల్లా," అంది.

ప్రేమకుమారికే తెలియదు అప్పటికి. ఆసుపత్రిలో చూపించుకుంటే నిజమే అన్నారు. గూడు రోజురోజుకీ లోతయింది. మూడో నెల దాటిన పది రోజులకి, ఒక మధ్యాహ్నం షిఫ్టు దిగి వచ్చేసరికి గూడు పూడిపోయి గోడ నున్నగా ఉంది. నొప్పి సాయంత్రం మొదలైంది.

అలా మూడుసార్లు. మూడుసార్లూ గూడు ముందు పూడింది, బిడ్డ తర్వాత పోయింది.

ఎవరికి తోచిన కారణం వాళ్లు చెప్పారు. పక్క గది పిల్లమ్మ, "వాడు పాముల ఇండ్లు పడగొడతాడు, పాము ఊరికే ఉంటాదా," అంది. పాస్టరుగారు, అవి అన్యుల మాటలనీ, దేవుడు నీ విశ్వాసాన్ని పరీక్షిస్తున్నాడనీ అన్నారు. ప్రేమకుమారి రెండూ వింది. శుక్రవారం ఉపవాసం ఉంది. మంగళవారం కంపెనీ వెనక ఉన్న పుట్ట దగ్గర ఎవరూ చూడకుండా గ్లాసుడు పాలు పోసి, ఆదివారం చర్చిలో మోకరించి, పాలు పోసినందుకు క్షమాపణ అడుక్కుంది. వీటన్నిటి మధ్యా ప్రతి సాయంత్రం మొగుడి నీలం చొక్కా, ప్యాంటు బకెట్టులో నానబెట్టి, తెల్లటి మరకలు పోయేదాకా వట్టి చేతులతో రుద్ది, కడుపుకి ఆనించుకుని పిండేది. పాము సంగతి మాట్లాడినవాళ్లకీ పరీక్ష సంగతి మాట్లాడినవాళ్లకీ బకెట్టు సంగతి తోచలేదు. ఆమెకీ తోచలేదు.

నాలుగోసారి గూడు పడ్డాక, తోచింది రాచెల్‌కి. రాచెల్ కె.ఆర్.పురంలో ఒక నర్సింగ్ హోములో స్టాఫ్ నర్సు. ఆదివారం తల్లిని చూడ్డానికి చందాపుర వచ్చి, ప్రేమకుమారి వెళ్లే చర్చిలోనే ఆమె పక్కన కూర్చునేది. ఒక ఆదివారం పాట మధ్యలో వంగి ఆమె చేతుల వాసన చూసింది.

"అక్కా, ఏంటి నీ చేతులకి ఈ కంపు? కిరసనాయిలు పోసి స్టవ్ ముట్టించే కాలం పోయింది కదా."

"ఆయన బట్టల మందు. ఉతికితే రెండు రోజులు పోదు."

రాచెల్ పాడడం ఆపేసింది. ప్రార్థన అయ్యాక బయట చెప్పుల దగ్గర చెప్పింది. "ఇవాల్టి నుంచి ఆ బట్టలు ముట్టుకోవద్దు. ఆ పంపు గదిలో ఉందా? తీసేయించు. ఆయన స్నానం చేయకుండా నీ పక్కకి రాకూడదు."

"అంతేనా?"

"అంతేనేమో అక్కా. ఖాయంగా చెప్పలేను. కానీ ముందు అది మానెయ్."

ప్రేమకుమారి ఇంటిదాకా నడుస్తూ ఏడ్చింది. పాము అయినా బాగుండేది. పరీక్ష అయినా బాగుండేది. మూడుసార్లూ పిండింది తన చేతులే.

ఇస్సాకు ముందు విసుక్కున్నాడు. "పదేళ్లనుంచి పీలుస్తుండా. నాకేమైంది?"

"నీకు కడుపు లేదు కదా బావా."

ఇస్సాకు ఆ సాయంత్రమే పంపునీ డబ్బాలనీ మేస్త్రీ సొన్నప్ప షెడ్డులో పెట్టొచ్చాడు. బట్టలు అక్కడే మార్చుకుని, కుళాయి కింద స్నానం చేసి, అప్పుడు ఇంటికి రావడం మొదలుపెట్టాడు. పడక వరండాలో వేరే చాప మీద. గూడు మూడో నెల దాటింది. నాలుగు దాటింది. ఐదో నెలకి చేటంత అయింది. ప్రేమకుమారి పాత చీర మడతపెట్టి అందులో పరిచింది. రోజూ పొద్దున చెయ్యి పెట్టి చూసుకునేది. గోరువెచ్చగా ఉండేది. ఈ బిడ్డ బతకాలి. అంతకు మించి ఆమె దేవుణ్ణి ఏమీ అడగడం లేదు, పాము జోలికి కూడా పోవడం లేదు.

అప్పుడు వచ్చాడు సొన్నప్ప. ఒక శనివారం మధ్యాహ్నం, బండి గుమ్మం ముందే ఆపి, లోపలికి రాకుండా గడప మీద కూర్చున్నాడు.

"ఏం ఇస్సాకు, బాగుండావా. ఈ సైటు అయిపోయిందప్పా. సావిత్రమ్మ కొడుకు నరేశ్ అపార్ట్‌మెంటు వాళ్లకి రాసిచ్చేసినాడు. ముసలామె కూడా వేలిముద్ర వేసింది. నెలలో అందరూ ఖాళీ చేయాల."

"చెప్పింది సావిత్రమ్మ."

"చిక్కేమంటే, జేసీబీ వాడు వచ్చి చూసినాడు. ఇది ఇల్లు కాదు, పుట్ట అనినాడు. తాళంచెవి జేబులో వేసుకుని వెళ్లిపోయినాడు. ఇంకొకణ్ణి పిలిస్తిని. వాడు దండం పెట్టి పోయినాడు." సొన్నప్ప గోడ మీద అరచేత్తో చిన్నగా తట్టాడు. "ముందు మందు కొట్టి చంపితే, తర్వాత అది వట్టి మన్నే అంటారు. మన్ను తీసేదానికి వాళ్లకి అభ్యంతరం లేదు. చంపేది మాత్రం నువ్వే చేయాల. ఇంకెవడూ చేయడు."

ఇస్సాకు సొన్నప్ప తట్టిన చోటు వైపు చూశాడు.

"ఊరికే కాదప్పా. అపార్ట్‌మెంటు కింద వాచ్‌మన్ గది నీది. టైల్సు, లోపలే బాత్రూమ్. బిల్డింగ్ మొత్తం చెదల పని నీకే. కట్టేదాకా షెడ్డు పక్కన సిమెంటు గది ఇస్తా. ఆలోచించుకో."

ఆలోచించుకోమన్నాడు గానీ, బండి మలుపు తిరగకముందే ఇస్సాకు ఆలోచన అయిపోయిందని ప్రేమకుమారికి తెలిసింది. అతను అప్పటికే గోడని వేళ్లతో కొలుస్తున్నాడు.

"వద్దు బావా. ఊళ్లో పుట్టలు వేరు. దీంట్లో మనం ఉన్నాం."

"మనం ఉండంగా కొట్టను కదే. ఖాళీ చేసినాకే కొడతా."

"గూడు?"

"గూడు చూసి బిడ్డ వస్తాదా? బిడ్డని చూసి గూడు వస్తాది. ఎక్కడ ఉంటే అక్కడ వస్తాది." అతను ఆమె పక్కన, మూరెడు దూరం వదిలి కూర్చున్నాడు. "నా బిడ్డ మట్టి మధ్య పుట్టకూడదు ప్రేమా. సిమెంటు గోడల మధ్య పుట్టాల. నేను సార్ అనిపించుకునేది పుట్టల కాడ మాత్రమే. ఒక్క గది దొరికితే వాడు ఇంట్లో కూడా సార్ కొడుకవుతాడు."

ఏది చూసి ఏది వస్తుందో ఆమెకి తెలియదు. మూడుసార్లూ ఏది ముందు పోయిందో మాత్రం తెలుసు.

వఠారం ఖాళీ అవడం మొదలైంది. పిల్లమ్మ వాళ్లు జిగని వెళ్లారు. మూడో గదివాళ్లు సొంత ఊరికి వెళ్లిపోయారు. ఒక్కో కుటుంబం సామాను ఎత్తుకున్న మర్నాడు ఆ గది గోడలు కాస్త పాలిపోయేవి. పగుళ్లలో నల్లచీమలు గుడ్లతో కనిపించేవి, వచ్చి చేరుతూ. వాటికెవరూ నోటీసు ఇవ్వలేదు.

సావిత్రమ్మ కూడా మూట కట్టుకుంది. హోసూరులో కూతురింటికి. ప్రయాణం ఇంకో మూడు రోజుల్లో ఉందనగా, పొద్దున సంపు మూత ఎత్తి చూసి, అలవాటు కొద్దీ వరస చివరికి నడిచింది. కాసేపటికి ప్రేమకుమారిని పిలిచింది.

పదిహేడో గది పక్కన గోడ లేచింది. ఎప్పటిలా మోకాలెత్తు కాదు, రాత్రికి రాత్రే నిలువెత్తు. చదరంగా కాకుండా గుండ్రంగా, పైన తనంతట తనే కప్పు మూసుకుని ఉంది. రేకు అక్కర్లేదు. రోడ్డు వైపు నడుమెత్తున సన్నటి మనిషి ఒకరు పట్టేంత సందు మాత్రం ఉంది. సావిత్రమ్మ వంగి లోపలికి పాకి, మూరలు వేసి కొలిచి, ఈవలికి వచ్చి చీర దులుపుకుంది.

ఇస్సాకు అప్పటికే వచ్చి నిలబడ్డాడు.

"ఎందరికి?" అన్నాడు.

"ఒక ఆడమనిషి," అంది సావిత్రమ్మ. ప్రేమకుమారి వైపు చూసి, "ఒక పసిబిడ్డ."

"సరిగా కొలిచినావా?"

"నలభై ఏండ్లుగా కొలుస్తుండానప్పా."

ఇస్సాకు సందులోంచి తల పెట్టాడు. భుజాలు పట్టలేదు. ఒక పక్కకి తిరిగి చూశాడు, అయినా పట్టలేదు. బయటికొచ్చి, చెంపకంటిన మట్టి తుడుచుకోకుండానే పనికి పోయాడు.  మాట్లాడడానికి ఏముంది, కొలత కొలతే.

మంగళవారం పొద్దున తొమ్మిదింటికి మందు డ్రమ్ములు వచ్చాయి. సొన్నప్ప గొడుగు వేసుకుని రోడ్డు మీదే నిలబడ్డాడు. ఇస్సాకు నోటికి తువ్వాలు కట్టుకున్నాడు. మందు నీళ్లలో కలిపి తెల్లబడేదాకా కర్రతో తిప్పాడు.

"సామాను షెడ్డు పక్క గదిలో దింపించినా. నువ్వు ఆటోలో వెళ్లిపో," అన్నాడు ప్రేమకుమారితో.

ఆమె చేతిలో చాప, బిందెడు నీళ్లు, గూట్లోంచి తీసిన పాత చీర ఉన్నాయి. పదకొండో గదిలో గూడు ఆ పొద్దున్నే బీటలిచ్చింది. పూడలేదు, బీటలే. ఆమె ఆటో వైపు వెళ్లలేదు. వరస చివరికి నడిచి, ముందు బిందె తోసి, తర్వాత వంగి తను దూరింది. లోపల చీకటిగా, వెచ్చగా ఉంది. చాప పరిస్తే గోడకి గోడ సరిపోయింది. ఆమె వీపు ఆనించి కాళ్లు చాపుకునేలోపల, వెనక సందు అంచుల్లో సన్నగా మట్టి కదిలే చప్పుడు మొదలైంది. లక్ష చిన్న నోళ్లు తడిమట్టి తెచ్చి ఒకదాని పక్కన ఒకటి పెడుతున్న చప్పుడు. ఆమె తిరిగి చూసేసరికి సందు గ్లాసంత అయింది. ఆ కాస్తలోంచి వెలుగూ గాలీ వస్తున్నాయి.

బయట పంపు మొదలైంది. మొదటి గది. రెండో గది. చప్పుడు దగ్గరవుతున్నకొద్దీ ఆమె వేళ్లు మడిచి లెక్కపెట్టుకుంది. పదకొండో గది దగ్గర అతను ఎక్కువసేపు ఆగినట్టనిపించింది. నిజంగా ఆగాడో, పంపులో మందు అయిపోయిందో. పదిహేడు కూడా అయింది. తర్వాత తన గోడ మీద గునపం కొన తగిలింది. టక్. కాస్త పక్కన మళ్లీ టక్. లోపల ఎక్కడ గుల్లగా ఉందో వినడానికి అతను ఎప్పుడూ అలాగే తడతాడు.

"ప్రేమా," అన్నాడు.

 కడుపులో బిడ్డ మెదిలింది.

"ప్రేమా, బయటికి రా."

రోడ్డు మీద నుంచి సొన్నప్ప గొంతు. "ఏమైందప్పా? ఇది ఒకటే కదా మిగిలింది. కానియ్. ఇంజనీరు వచ్చే టైమయింది." మళ్లీ ఆ గొంతే, ఈసారి మెత్తగా, "కానియ్యండి సార్."

పంపు మొదలైంది.

గోడ అవతలి వైపు మందు కొట్టుకుని కారుతున్న చప్పుడు స్పష్టంగా వినిపించింది. ప్రేమకుమారి చీర మడతని ముక్కుకి అడ్డం పెట్టుకుని, గ్లాసంత కన్నం వైపు చూసింది. అది మూసుకుపోయింది. చీకటి. పూర్తి చీకటిలో తన ఊపిరి తనే లెక్కపెట్టుకుంది. ఒకటి, రెండు. బావ కొట్టిన ఏ పుట్టలోనూ లోపలివాళ్లు ఏం చేశారో అతను చెప్పలేదు. ఐదు, ఆరు. ఏం చేస్తారు, ఇదే చేసి ఉంటారు. పదకొండో ఊపిరి దగ్గర పంపు ఆగింది. ఏదో ఇనుప వస్తువు దూరంగా విసిరేసినట్టు రోడ్డు మీద పడింది.

వాసన లోపలికి రాలేదు.

మర్నాడు జేసీబీ వచ్చి పదిహేడు గదుల మట్టినీ లారీలకెత్తింది. డ్రైవరు ఎంతమాత్రం వెనకాడలేదు, చచ్చిన మట్టి కదా. చివరిదాని దగ్గర మాత్రం ఇంజను ఆపేశాడు. దాన్ని చంపేవాడు ఒక్కడే ఉన్నాడు, వాడు దాని ముందు నేల మీద కూర్చుని ఉన్నాడు. సొన్నప్ప తిట్టాడు, బతిమాలాడు, సిమెంటు గది తాళం వెనక్కి తీసుకున్నాడు. చివరికి ఇంజనీరు వచ్చి కాగితం మీద గీతలు కాస్త అటు జరిపి, పుట్ట ఉన్నచోట విజిటర్స్ పార్కింగ్ అని రాసుకున్నాడు. పునాదుల తవ్వకం దాని పక్క నుంచి సాగింది.

సావిత్రమ్మ హోసూరు ప్రయాణం మానుకుని, ఎదురు వీధిలో ఒక గది పట్టుకుంది. ఆమె రాగి సంగటి ముద్ద తెచ్చినప్పుడు కన్నం గిన్నె పట్టేంత తెరుచుకునేది. రాచెల్ మాత్రలు తెచ్చిన ఆదివారం ఇంకాస్త తెరుచుకుని, ఆమె భుజం దాకా చెయ్యి పెట్టి కడుపు తడిమి చూసేంత చోటిచ్చేది. ఇస్సాకు చెయ్యి దగ్గరికొస్తే మూసుకుపోయేది. అతను రెండుసార్లు స్నానం చేసి వచ్చాడు. గుండు గీయించుకుని, గోళ్లు రక్తం వచ్చేదాకా కత్తిరించుకుని వచ్చాడు. అయినా మూసుకుపోయేది. పదేళ్ల మందు బట్టల్లో కాదు, తోలులో ఉంది. మాట మాత్రం గోడ దాటేది.

"నేను ఆపినా ప్రేమా," అన్నాడు ఒక సాయంత్రం.

లోపల నుంచి జవాబొచ్చింది.

"మొదలుపెట్టావు కదా బావా."

ఆ తర్వాత అతను ఆ సంగతి ఎత్తలేదు. గోడకి ఆరడుగుల దూరంలో తాటాకు చాప వేసుకుని, కుక్కల్నీ లారీ డ్రైవర్లనీ ఆ వైపు రానివ్వకుండా కాపలా కాశాడు. వాన పడితే ప్లాస్టిక్ పట్టా కప్పుకునేవాడు. అతనికి దగ్గు పట్టుకుంది. రాత్రంతా దగ్గేవాడు. లోపల ప్రేమకుమారి వినేది. విని జాలిపడేది. జాలి కలిగినంత మాత్రాన ఆ పదకొండు ఊపిరులు వెనక్కి పోయేవి కావు. లోపల ఆమె ఒక్కతే కాదు. కప్పులో ఒక పక్క ఈగంత తేనెటీగలు వచ్చి చేరాయి, ఇంకో పక్క చీమలు. ఎవరి మూల వాళ్లది. ఎవరూ ఎవరినీ ఏమీ అడగలేదు.

నెలలు నిండాక, ఒక ఆదివారం చర్చి వదిలే వేళకి నొప్పులు మొదలయ్యాయి. సావిత్రమ్మ కబురు పెడితే రాచెల్ పరుగెత్తుకొచ్చింది. గోడ ఆమెని పూర్తిగా లోపలికి తీసుకుని మళ్లీ మూసుకుంది. బయట ఇస్సాకు మోకాళ్ల మీద ఉన్నాడు. ప్రార్థన చేస్తున్నాడో, లేవలేకపోయాడో. మూడున్నరకి ఏడుపు వినిపించింది. సన్నగా, కోపంగా, ఆగకుండా.

"ఆడపిల్ల," అని రాచెల్ లోపలి నుంచి చెప్పింది. "రెండున్నర కేజీలుంటుందేమో. బాగానే ఉంది."

ఇస్సాకు తువ్వాలు నోట్లో కుక్కుకున్నాడు. పక్కన కాంక్రీటు వేస్తున్న కూలీలు మిక్సరు కాసేపు ఆపి, మళ్లీ నడిపారు.

ఇరవై ఒకటో రోజు పొద్దున సందు మొదటిరోజున్నంత పెద్దగా తెరుచుకుంది. తెరుచుకున్నాక మట్టి అంచులు ఆరిపోయి గట్టిపడ్డాయి, ఇక మూసే ఉద్దేశం లేనట్టు. రాచెల్ ఆటో తెచ్చింది. కె.ఆర్.పురంలో తన గదిలో చోటుందనీ, నర్సింగ్ హోములో ఆయా పని అడిగి పెట్టాననీ ముందే చెప్పింది.

ప్రేమకుమారి ముందు బిడ్డని రాచెల్ చేతికి అందించి, తర్వాత తను వంగి బయటికొచ్చింది. వెలుగుకి కళ్లు మూసుకుని నిలబడింది. తెరిచేసరికి ఇస్సాకు ఇరవై అడుగుల అవతల ఉన్నాడు. సగమైపోయాడు. అతను ముందుకి రాలేదు. నోట్లో వేలు తడిపి పైకెత్తి గాలి ఎటు వీస్తుందో చూశాడు. తన మీదుగా బిడ్డ వైపు వీస్తోందని తెలిసి, చుట్టూ తిరిగి ఇటుకల కుప్ప అవతలికి వెళ్లి నిలబడ్డాడు. అక్కడి నుంచి చూశాడు.

రాచెల్ బిడ్డని కాస్త ఎత్తి పట్టుకుంది.

"పేరు?" అన్నాడు.

"ప్రిస్కిల్లా," అంది ప్రేమకుమారి.

"మా నాయనమ్మ పేరు."

"నాకు తెలుసు."

అంతకు మించి ఆమె దగ్గర అతనికివ్వడానికి ఏమీ మిగల్లేదు. ఆటో ఎక్కింది. రాచెల్ బిందె కోసం, చాప కోసం వెనక్కి వెళ్లింది. సావిత్రమ్మ ఆటో పక్కన నిలబడి బిడ్డ కాలివేళ్లు ఒక్కొక్కటీ ముట్టుకుంటోంది. డ్రైవరు మెట్రో పనుల వల్ల సిల్క్‌బోర్డు కూడలి దగ్గర ఎంత ఆలస్యమవుతుందో ఎవరికో ఫోన్‌లో చెబుతున్నాడు.

అప్పుడే రోడ్డు మలుపులో ఒక జంట కనిపించింది. ఇరవై ఏళ్లైనా నిండని పిల్ల, ఆమె కంటే రెండేళ్లు పెద్దవాడేమో ఒకడు. అతని తల మీద చుట్టిన పరుపు, ఆమె చేతిలో బకెట్టు, బకెట్టులో గరిటెలు. ఆ పిల్ల రెండో చెయ్యి నడుం మీద ఆనించుకుని నడుస్తోంది, బరువు కొత్తగా మోస్తున్నవాళ్లు నడిచినట్టు. వాళ్లు నేరుగా పుట్ట దగ్గరికి వచ్చి, తెరిచున్న సందులోకి తొంగిచూశారు.

"అన్నా, ఇది ఖాళీయేనా?" అని ఆ కుర్రాడు ఇస్సాకుని అడిగాడు.

ఇస్సాకు ఇటుకల కుప్ప దాటి వచ్చాడు.  ఆ పిల్ల నడుం మీదున్న చెయ్యి వైపు ఒకసారి చూశాడు. ఆమెకి దూరంగా, కుర్రాడికి దగ్గరగా వెళ్లి, అతని చొక్కా చెయ్యి పట్టుకుని ముక్కు దగ్గరికి తీసుకున్నాడు. కాలరు వంచి అక్కడా చూశాడు. కుర్రాడు పరుపు కింద తల కదపలేక, ఏం చేస్తున్నాడో అర్థంకాక అలాగే నిలబడ్డాడు.

"ఏం పని నీది?"

"బేకరీలో అన్నా."

ఇస్సాకు ఇంకోసారి, చాలాసేపు వాసన చూశాడు. తర్వాత చొక్కా వదిలేసి, దారికి అడ్డం లేకుండా పక్కకి జరిగాడు.

ఆటో కదిలింది. ప్రేమకుమారి వెనక్కి తిరిగి, ఆ పిల్ల ముందు బకెట్టు తోసి తర్వాత తను వంగడం చూసింది. మలుపు వచ్చేదాకా చూసింది. బిడ్డ ఏడుపు మొదలుపెట్టేసరికి ఇటు తిరిగి పాలిచ్చింది.